విజయనగరంలో ఎయిర్ రైఫిల్ రేంజ్: వెలుతురు బాగుంది, గాలి గేజి చూసుకోండి

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట సరదా తీరేది రేంజిలోనే. ఇక్కడి లేన్ల కొలతలు పక్కా: దూరం 10 మీటర్లు, టార్గెట్ మధ్య భాగం నేలకు 1.4 మీటర్ల ఎత్తు. పది పాయింట్ల చుక్క 0.5 మి.మీ. మాత్రమే, అందుకే కార్డుపై సమంగా పడే వెలుతురు పెద్ద మేలు.

లోపమంతా అద్దె రైఫిళ్లలోనే. 200 బార్ ఒత్తిడి పట్టే గాలి సిలిండర్‌ను బాగా ఖాళీ అయ్యేదాకా నింపరు. ప్రతి షాట్‌కూ ఒకే ఒత్తిడితో గాలి వదిలేది రెగ్యులేటర్; దాని ఒత్తిడి కంటే సిలిండర్‌లో గాలి తగ్గితే పెల్లెట్లు (చిన్న గుళ్లు) ఒకదాని తర్వాత ఒకటి కిందికి దిగుతాయి. కొత్తవాళ్లు వెంటనే గురి చూసే సైటు తిప్పేస్తారు. వద్దండీ, ముందు గాలి ఒత్తిడి చూపే గేజి చూడండి. అంచు నొక్కుకున్న 4.5 మి.మీ. పెల్లెట్లు ఏరి పక్కన పెట్టండి.

సభ్యుల పోటీలో 60 షాట్లకు 75 నిమిషాలే ఇస్తున్నారు. అది ఎలక్ట్రానిక్ టార్గెట్ల లెక్క; కాగితం కార్డులకు 90 ఇవ్వాల్సిందే.