టొలెడోలో రేపియర్ కొనేవాళ్లకి

కత్తులు చూడటానికి స్పెయిన్‌లోని టొలెడో వెళ్లి తీరాల్సిందే. కత్తిసాము సాధనకి రేపియర్, అంటే పొడవాటి సన్నటి పోటుకత్తి కొనాలంటే మాత్రం అక్కడి వీధి దుకాణాల మాట నమ్మొద్దు. మాడ్రిడ్ అతోచా స్టేషన్ నుంచి రైల్లో అరగంట పైచిలుకు ప్రయాణం, హాయిగా సాగుతుంది. సొకొదొవేర్ కూడలి నుంచి కెథడ్రల్ దాకా అద్దాల వెనక మెరిసేవి దాదాపు అన్నీ గోడకి తగిలించుకునేవే.

ఒక దుకాణంలో గిన్నె పిడి (చేతిని కాచే గిన్నె ఆకారపు కాపు ఉన్న) రేపియర్‌కి 145 యూరోలు చెప్పారు. ఫెన్సింగ్‌కి ఆగుతుందా అంటే నిక్షేపంగా ఆగుతుందన్నారు. చూస్తే అలుగు (కత్తి పలక) మొదట్లో స్టెయిన్‌లెస్ అని ముద్ర! ఎదుటి మనిషి కంటికే ముప్పు తెచ్చే అబద్ధమిది. మీటరు పొడవున్న స్టెయిన్‌లెస్ అలుగు దెబ్బలకి వంగి తిరిగి రాదు, పుటుక్కున విరుగుతుంది. విరిగిన ముక్క ఫెన్సింగ్ ముసుగు జల్లెడలోంచి కూడా దూరగలదు. పిడి లోపల ఇంకా అన్యాయం. చాలావాటిలో అలుగు చేతికాపు దగ్గరే ఆగిపోతుంది, దానికి సన్నటి మరచువ్వ వెల్డింగ్ చేసి ఉంటుంది. తెగేది ఆ అతుకు దగ్గరే.

ఎక్కడ కొన్నా మొహమాటపడొద్దు. ముందు ఉక్కు పేరు అడగండి. 5160 అనో 51సీఆర్‌వీ4 అనో స్ప్రింగ్ స్టీల్ పేరు చెప్పాలి. తర్వాత పిడి చివరి గుండు విప్పించండి. లోపలి తోక, అంటే పిడిలోకి దూరే భాగం, అలుగుతో ఒకే ముక్కగా ఉండాలి, వెడల్పు తగ్గే మూల గుండ్రంగా ఉండాలి. పగులు మొదలయ్యేది లంబకోణంలో కోసిన మూల నుంచే. మొన గోడకి ఆనించి మెల్లగా నెడితే ముందు సగం వంగాలి, వదిలితే నిటారుగా రావాలి. పిడి దగ్గర వంగేదాన్ని అక్కడే వదిలేయండి. బరువు 1 నుంచి 1.3 కిలోలు, తూకం కుదిరే చోటు చేతికాపుకి 8–10 సెం.మీ. ముందు ఉంటే చెయ్యి త్వరగా అలిసిపోదు. అంచు మొద్దుగా, మొన చదునుగా ఉండి, రబ్బరు తొడుగు గట్టిగా పట్టాలి.

ఊరి చివర ఒక చిన్న కార్ఖానాలో పెద్దాయన అడక్కముందే గుండు విప్పి తోక చూపించారు. ధర 390 యూరోలు, ప్రతి యూరోకీ న్యాయం ఉంది. మర గుండు కాబట్టి అలుగు పాడైతే అలుగొక్కటే మార్చుకోవచ్చు. కాకపోతే సాధన అయ్యాక ప్రతిసారీ బిగింపు చూసుకోవాలి. తోక చివర కొట్టి మూసేసిన పిడి వదులు కాదు గానీ, అలుగు మార్చాలంటే కొయ్యాలి. తరచూ సాధన చేసేవాళ్లకి మర గుండే మేలు.

బస పాత ఊళ్లో వద్దు. రాళ్ల దారిలో పెట్టెలు ఈడ్చుకుంటూ ఎక్కేసరికి వెంట వచ్చినవాళ్ల ముఖాలు మాడిపోతాయి. స్టేషన్ వైపు గది 62 యూరోలకి దొరికింది. అల్కాసర్ కోటలోని సైనిక మ్యూజియానికి తీరిగ్గా ఒక పూట ఇవ్వండి. 1761లో స్పెయిన్ రాజు మూడో కార్లోస్ పెట్టించిన కత్తుల కర్మాగారం ఇప్పుడు యూనివర్సిటీ, బయటి నుంచి చూస్తే చాలు.

హైదరాబాద్ తెచ్చుకునేవాళ్లు డబ్బు కట్టకముందే కస్టమ్స్ వాళ్లని రాతపూర్వకంగా అడగాలి. మన ఆయుధ నియమాలు అలుగు 9 అంగుళాలు దాటిన కత్తుల్ని, ఇంటి పనికీ పొలం పనికీ చేసినలాంటివి తప్ప, ఆయుధాలుగానే లెక్కగడతాయి. అంచు మొద్దుది కదా అంటే వదిలేస్తారని ధీమా పడొద్దు.