మూడుల్ క్విజ్: కొన్నేళ్లు వాడాక నా మాట

ఇంజనీరింగ్ రెండో సంవత్సరం వాళ్లకు సర్క్యూట్స్ చెబుతాను. కొన్నేళ్లుగా ఇంటర్నల్ పరీక్షలు చాలావరకు మూడుల్ అనే ఆన్‌లైన్ బోధన సాఫ్ట్‌వేర్‌లో పరీక్షలు పెట్టే భాగమైన క్విజ్‌లోనే పెడుతున్నాను. 2002లో ఆస్ట్రేలియాలో మార్టిన్ డూగియామస్ విడుదల చేసిన మూడుల్ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, లైసెన్స్ ఖర్చు లేదు. సర్వర్ కావాలి, దాన్ని చూసుకునే మనిషి కావాలి. ఆ మనిషి లేకపోతే దీని జోలికి వెళ్లకండి.

నాకు బాగా అక్కరకొచ్చింది క్యాలిక్యులేటెడ్ ప్రశ్న. వోల్టేజి, రెసిస్టెన్స్ విలువలకు అంకెల సెట్లు తయారుచేసి పెడితే (ఒక్కో ప్రశ్నకు వంద దాకా), ఒక్కొక్కరికి ఒక్కో సెట్ వస్తుంది. వాట్సాప్ గ్రూపులో ఎవరైనా జవాబు పెట్టినా ఇంకొకరికి పనికిరాదు. ఎలా చేశావని అడగాల్సిందే. అడిగి నేర్చుకుంటే నాకేం అభ్యంతరం? అయితే ఈ ప్రశ్న తయారుచేయడం విసుగు పని. ఘాతానికి మామూలు గుర్తు ఒప్పుకోదు, పౌ అనే ఫంక్షన్ రాయాలి. సైన్, కాస్‌లకు కోణం రేడియన్లలో ఇవ్వాలి. లెక్క మధ్యలో అంకెలు రౌండ్ చేసే పిల్లల కోసం 2 శాతం టాలరెన్స్ పెడతాను, అంటే జవాబు అంతమేర తేడా వచ్చినా ఒప్పుకుంటుంది.

బిట్లకు ఆప్షన్ల వరస మార్చే సదుపాయం ఉంది. కాకపోతే 'పైవన్నీ' అనే ఆప్షన్ ఒక్కోసారి అన్నిటికన్నా పైన వచ్చి కూర్చుంటుంది! అలాంటి ఆప్షన్లు రాయడమే మానేశాను.

పరీక్ష అయ్యాక చాలామంది మార్కులు డౌన్‌లోడ్ చేసుకుని వెళ్లిపోతారు. స్టాటిస్టిక్స్ రిపోర్ట్ తెరవరు. నా దృష్టిలో అసలు సరుకు అక్కడే ఉంది. ఫెసిలిటీ ఇండెక్స్ చూస్తే ఆ ప్రశ్నకు క్లాసు సగటున ఎంత శాతం రాబట్టిందో తెలుస్తుంది. డిస్క్రిమినేషన్ ఇండెక్స్, మిగతా పేపర్ బాగా రాసినవాళ్లే ఈ ప్రశ్న కూడా చేశారా అన్నది చెబుతుంది. అది మైనస్‌లోకి వెళ్లిందంటే ముందు కీ చూడాలి, కీ సరిగ్గానే ఉంటే ప్రశ్నలోని మాటలు చూడాలి. కీ సరిదిద్ది రీగ్రేడ్ నొక్కితే అందరి మార్కులూ మారిపోతాయి.

కాపీ ఆపడానికి, పరీక్ష సమయంలో వేరే సైట్లు, యాప్‌లు తెరవనివ్వని సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్‌ను జతచేయవచ్చు. కానీ అది ఆండ్రాయిడ్ ఫోన్లలో లేదు. మా పిల్లల చేతుల్లో ఉన్నవి ఎక్కువగా ఆ ఫోన్లే, కాబట్టి కంప్యూటర్ ల్యాబ్‌లో మాత్రమే వాడగలుగుతున్నాం. కరెంటు పోతే టెన్షన్ పడనక్కర్లేదు. రాసింది దాదాపు నిమిషానికోసారి సేవ్ అవుతుంటుంది, ఆ విద్యార్థి ఒక్కడికే అదనపు సమయం ఇవ్వవచ్చు.

మిడ్‌కు ముందు ప్రాక్టీసుకు 'ఇంటరాక్టివ్' పద్ధతి పెడతాను. తప్పు చేస్తే సూచన వస్తుంది, మళ్లీ ప్రయత్నించవచ్చు, కొంత మార్కు తగ్గుతుంది. పిల్లలకు నచ్చింది ఇదే.

సర్క్యూట్ గీయమనే ప్రశ్నలకు మాత్రం ఇది నప్పలేదు. కాగితం మీద గీసి ఫొటో అప్‌లోడ్ చేయిస్తే, తెర మీద ఒక్కొక్కటీ పెద్దది చేసుకుని దిద్దేసరికి కళ్లు లాగేస్తాయి. వాటికి మామూలు ఆన్సర్ షీట్లే ఇస్తున్నాను.