వర్చువల్ గిటారా, చేతి గిటారా?

ఇంట్లో పాట రికార్డ్ చేసేటప్పుడు సుఖం చూసుకుంటే వర్చువల్ గిటారే, అంటే కీబోర్డుతో వాయించే కంప్యూటర్ గిటార్. ఫ్యాన్ ఆపక్కర్లేదు, తీగలు శ్రుతి చేసుకోనక్కర్లేదు. పాడేవాళ్లకు శ్రుతి ఎక్కువైందా, నోట్లన్నీ రెండు మెట్లు కిందికి జరిపితే సరి. అసలు గిటార్ అయితే మళ్లీ మొదటినుంచీ వాయించాలి.

చిక్కంతా స్ట్రమ్మింగ్‌లోనే, అంటే తీగలన్నిటినీ ఒక్క ఊపులో మీటడంలోనే. పిక్ (మీటే చిన్న బిళ్ల) ఆరు తీగల్నీ ఒక్కసారే తాకదు, కొన్ని మిల్లీసెకన్ల తేడాతో ఒకదాని వెంట ఒకటి మీటుతుంది. చెయ్యి పైకి వెళ్లేటప్పుడు ఆ వరుస తిరగబడుతుంది, ఒక్కోసారి సన్నటి మూడు తీగలే మోగుతాయి. కీబోర్డు మీద మూడు వేళ్లతో కార్డ్ (కలిసి మోగే స్వరాలు) నొక్కేస్తే ఇదేదీ రాదు, హార్మోనియం వాయించినట్టుంటుంది. నోట్లను కాస్త అటూ ఇటూ జరిపి, 127 దాకా ఉండే వెలాసిటీని (నోటు ఎంత గట్టిగా కొట్టినట్టో చెప్పే అంకెని) ఒక్కోదానికీ మారిస్తే చాలావరకు నమ్మిస్తుంది, ఓపిక ఉంటే! పాటలో నాలుగు బార్ల (ఆవర్తాల) కోసం నేనోసారి సాయంత్రమంతా కూర్చున్నాను. మర్నాడు ఫ్రెండొచ్చి రెండు టేకుల్లో వాయించేశాడు.

వెనకాల లీలగా వినిపించే ఆర్పెజియోకి (కార్డ్ స్వరాలను ఒక్కొక్కటిగా మీటడానికి) వర్చువల్ చాలు. తీగ వంచి స్వరం పెంచే బెండ్లతో సాగే సోలోకి మాత్రం చేతి గిటారే కావాలి. వేలు ఒక్క తీగనే వంచుతుంది, కీబోర్డు మీద స్వరాన్ని వంచే చక్రం, పిచ్ వీల్, మామూలుగా మోగుతున్న నోట్లన్నిటినీ కలిపి వంచేస్తుంది.