మంగళగిరిలో రెండు రాత్రులు

గుంటూరు నుంచి బెజవాడకు ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. మంగళగిరి మాత్రం నాకు బస్సు కిటికీలోంచి కనిపించే కొండ, గాలిగోపురం, అంతే. మొన్న అమ్మను ఎయిమ్స్‌లో చూపించాల్సి వచ్చి రెండు రాత్రులు అక్కడే ఉండిపోయాం. ఇరవై కిలోమీటర్ల దూరానికి బస దేనికని మా ఆయన వాదన. మోకాళ్ళ నొప్పులతో అమ్మ రోజూ బస్సులు ఎక్కి దిగలేదని నా వాదన. నా మాటే నెగ్గింది. తెల్లారేసరికి నెగ్గకపోయినా బాగుండేదే అనిపించింది.

మొదటి రాత్రి హైవే పక్కన ఒక లాడ్జి. ఏసీ గదికని డబ్బు ముందే కట్టించుకున్నారు, రిమోట్ మాత్రం ఎంత అడిగినా రాలేదు. లిఫ్టు లేదన్న సంగతి ఫోన్లో చెప్పలేదు. రెండో అంతస్తుకి అమ్మ మెట్టుకో దండం పెట్టుకుంటూ ఎక్కింది. రాత్రంతా లారీ హారన్లు. మర్నాడు ఆటో అబ్బాయి, "గుడి వీధుల్లో ఇళ్ళవాళ్ళు గదులిస్తారక్కా, అటు పోండి" అన్నాడు. సగం ధరకే మంచం, ఫ్యాను, బకెట్టెడు వేడినీళ్ళు, గుమ్మం ముందు అరుగు. ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఈ గదుల గురించే.

ఆ అరుగు మీద కూర్చుంటే ఊరు తెలిసింది. మా వరసలో నాలుగు గదులుంటే మొక్కు తీర్చుకోవడానికి వచ్చింది ఒక్క కుటుంబమే. మిగతావాళ్ళందరూ పల్నాడు నుంచీ ప్రకాశం నుంచీ ఆస్పత్రికి వచ్చినవాళ్ళు. ఎయిమ్స్‌లో ఓపీ చీటీ పది రూపాయలు. 2019లో ఓపీ మొదలైనప్పటి నుంచి యాత్రికుల ఊరు కాస్తా రోగుల ఊరు కూడా అయింది. అది పాత టీబీ శానటోరియం స్థలం. అమ్మ చిన్నప్పుడు బస్సు అటు వెళ్తుంటే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేవాళ్ళట. ఇప్పుడదే చోటుకి పొద్దున్నే పరుగెత్తుకెళ్ళి వరసలో నిలబడ్డాం.

ఆస్పత్రి బయట పళ్ళబండి ఆవిడ మాకు "డజను అరవై" అని, పక్కనున్న నర్సమ్మాయికి హిందీలో "సాఠ్ రూపయా" అంది. డాక్టర్ చదువు పిల్లలూ నర్సులూ చాలామంది ఉత్తరాది నుంచీ కేరళ నుంచీ వచ్చినవాళ్ళే. రాష్ట్రం విడిపోయాక డీజీపీ ఆఫీసు, పార్టీ ఆఫీసులు, వెలగపూడి సచివాలయానికి వెళ్ళే ఉద్యోగులు కూడా వచ్చి చేరారు. 2021లో తాడేపల్లితో కలిపి కార్పొరేషన్ చేశారు. మెడలో ఐడీ కార్డున్న ఈ జనమంతా హైవే వైపు ఉంటారు. గుడి వైపుకి శనివారాలో, అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చినప్పుడో వస్తారు.

మరి పాత ఊరు? దాన్ని చూడాలంటే అయిదు గంటలకు లేవాలి. వీధి పొడవునా పడుగు, అంటే చీర నేతకి నిలువు పోగులు, సాగదీసి, గంజి పట్టించి, ఇద్దరు చెరోవైపు కుంచెతో దువ్వుతున్నారు. ఎండ ముదిరితే పోగు పెళుసవుతుందట. పాలబ్బాయి సైకిల్ దిగి, పడుగు పక్కనుంచి ఒదిగి నడిపించుకుపోయాడు.

పక్కింట్లోకి తొంగిచూస్తే గుంటమగ్గం. అరవై దాటిన ఆవిడ గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తోంది. చేతిలో తాడు లాగినప్పుడల్లా అడ్డపోగు మోసే నాడె ఈ చివర నుంచి ఆ చివరకి. "కొంటావా అమ్మాయ్, చూసిపోతావా?" అంది, తల ఎత్తకుండానే. చూడ్డానికేనన్నాను. ఇక్కడి చీరకి ఒంట్లో బుటా ఉండదు, సాదా నేత, అంచుకి జరీ. నిజాం అంచు అని చిన్న చిన్న గోపురాల వరస. దుకాణాల్లో మంగళగిరి పేరుతో మరమగ్గం సరుకూ కలుస్తుంది కాబట్టి, మగ్గం ఉన్న ఇంట్లోనో చేనేత సొసైటీలోనో కొనడం నయం.

కొండ సంగతి. 1890లో చన్నాప్రగడ బలరామదాసు వేయించిన మెట్లున్నాయి, ఘాట్ రోడ్డూ ఉంది. అమ్మకోసం ఆటో. పైన గుడిలో పానకాల నరసింహస్వామికి విగ్రహం లేదు, తెరిచిన నోరొక్కటే. పూజారి శంఖంతో బెల్లం పానకం పోస్తుంటే గుటకలేసిన చప్పుడు వినిపించింది, సగమయ్యేసరికి ఆగింది. మిగతా సగం మనకి ప్రసాదం. అంత పానకం ఒలికినా చీమలు చేరవంటారు. నేనూ వంగి వెతికాను, కనబడలేదు. మధ్యాహ్నం దాటితే ఆ రాత్రి వంతు దేవతలదని గుడి మూసేస్తారు. పొద్దున్నే వెళ్ళండి.

కింద లక్ష్మీనరసింహస్వామి గుడికి వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు 1807-09లో కట్టించిన గాలిగోపురం, పదకొండు అంతస్తులు, 153 అడుగులు. కట్టాక ఒరిగితే ఎదురుగా కోనేరు తవ్వించారని, దాంతో నిటారుగా నిలబడిందని చెబుతారు. ఇంజనీరు చదివిన మా ఆయన నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

వచ్చే ముందు మగ్గం ఇంటికి మళ్ళీ వెళ్ళి ఒక చీర తీసుకున్నాను. వానాకాలంలో ఎలా నేస్తారని అడిగితే గుంట చూపించింది. అడుగున చెమ్మ మరక మోకాలెత్తున ఉంది. నీరూరితే ఎండేదాకా పని ఉండదు, కూలీ రాదు. కొడుకు నేర్చుకోలేదా అన్నాను.

"వాడు ఆస్పత్రిలో వార్డు పని చేస్తన్నాడమ్మా. నెలయ్యేసరికి జీతం పడుద్ది. అక్కడ గుంటలో నీళ్ళు రావుగా" అని, చీర మడతపెట్టి నా చేతిలో పెట్టింది.