రోజర్ పేన్ తిమింగలాల ఆల్బమ్: హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినాల్సిన పరిశోధన

ఒక శాస్త్రవేత్త ఎంత గొప్పవాడో చెప్పాలంటే ఎన్ని పేపర్లు రాశాడు, ఎన్ని సైటేషన్లు వచ్చాయి (వేరేవాళ్లు తమ పేపర్లలో వాటిని ఎన్నిసార్లు ప్రస్తావించారు) అని లెక్కేస్తారు. తిమింగలాల మీద పరిశోధన చేసిన అమెరికా జీవశాస్త్రవేత్త రోజర్ పేన్ గురించి ఎవరైనా అడిగితే నేను మాత్రం ముందు ఈ ఆల్బమ్ వినమంటాను. 1970లో వచ్చిన ‘సాంగ్స్ ఆఫ్ ది హంప్‌బ్యాక్ వేల్’. ఐదు ట్రాకులు, మొత్తం అరగంటకి కొంచెం పైన. వాయిద్యాలేమీ ఉండవు, అట్లాంటిక్‌లోని బెర్ముడా దీవుల దగ్గర సముద్రంలో హంప్‌బ్యాక్ తిమింగలాలు పాడుతుంటే రికార్డు చేసినవి.

ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి, లోతు స్వరాలు సగం వినపడవు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి ట్రాక్ ‘సోలో వేల్’ పెట్టండి. మూలుగులు, కిర్రుమనే చప్పుళ్లు, ఉన్నట్టుండి పైకి లేచే సన్నటి కూతలు, మొదటిసారి వింటే ఏదో తోచినట్టు అరుస్తోంది అనిపిస్తుంది. రెండోసారి, మూడోసారి వింటే ఇందాక వచ్చిన ముక్కే మళ్లీ వచ్చిందని పట్టుకుంటారు, పల్లవి తర్వాత చరణాలు ఒక వరసలో వచ్చినట్టు ఇక్కడ కూడా ఒక వరస ఉంది. సరిగ్గా ఈ వరసనే పేన్, ఆయన తోటి పరిశోధకుడు స్కాట్ మెక్‌వే కలిసి 1971లో ‘సైన్స్’ పత్రికలో రుజువు చేశారు: ఒక్కో పాట 7 నుంచి 30 నిమిషాలు ఉంటుంది, అయిపోగానే అదే క్రమంలో మళ్లీ మొదలవుతుంది. అంటే జనం చెవులకి ముందు చేరింది ఈ రికార్డు, పేపర్ తర్వాతి ఏడాది వచ్చింది. ఈ ఆల్బమ్‌లో నాకు అన్నిటికంటే నచ్చే విషయం ఇదే, ఆయన కనిపెట్టిందాన్ని మనం నమ్మక్కర్లేదు, మన చెవులతో మనమే పరీక్షించుకోవచ్చు.

రెండో ట్రాక్ అదే పాటని నెమ్మదిగా చేసి వినిపిస్తుంది. సంగీతంగా అది నాకు అంత ఎక్కలేదు గానీ, మామూలు వేగంలో చెవి జారవిడిచిన మెలికలన్నీ అందులో తెలుస్తాయి.

ఈ పాటల వెనక కథ కూడా పెద్దదే. ఫ్రాంక్ వాట్లింగ్టన్ అనే ఇంజనీరు అమెరికా నేవీ కోసం బెర్ముడాలో నీటి కింద మైకులు పెట్టి శబ్దాలు వింటుండేవాడు, వాటిలో తిమింగలాలు దొరికాయి. వేటగాళ్లకి తెలిస్తే ప్రమాదమని దాచిపెట్టి, చివరికి ఆ టేపు పేన్‌కి, ఆయన భార్య కేటీకి ఇచ్చాడు. అప్పటిదాకా పేన్ చదివింది తిమింగలాల గురించి కాదు, గుడ్లగూబ చీకట్లో కేవలం వినికిడితో ఎలుకని ఎలా పడుతుందనే దాని మీద. చెవి మీద ఉన్న ఆ శ్రద్ధే ఇక్కడ పనికొచ్చింది.

ఈ శబ్దాలు ఎంత దూరం పోయాయంటే, 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకల్లో పంపిన బంగారు రికార్డులో కూడా తిమింగలాల పాట ఉంది, 1979 జనవరిలో ‘నేషనల్ జియోగ్రాఫిక్’ పత్రికతో పాటు ఈ పాటలున్న పల్చటి రికార్డులు కోటికి పైగా పంచారు. వ్యాపారం కోసం తిమింగలాల్ని చంపడం ఆపాలని అంతర్జాతీయ తిమింగలాల వేట కమిషన్ 1982లో తీర్మానించింది. దానికి ఈ రికార్డు ఒక్కటే కారణం అనను, కానీ మాంసం, నూనె తప్ప ఇంకేమీ కనపడని చోట ఒక గొంతు వినపడేలా చేసింది మాత్రం ఇదే.

పేన్ పని దీంతో ఆగలేదు. ఫిన్ అనే జాతి తిమింగలాల లోతు శబ్దాలు మహాసముద్రాలు దాటి వినపడగలవని 1971లోనే డగ్లస్ వెబ్‌తో కలిసి లెక్కగట్టారు. అర్జెంటీనాలోని వాల్డెస్ ద్వీపకల్పం దగ్గర 1970లో రైట్ అనే జాతి తిమింగలాల్ని వాటి తల మీది గరుకు మచ్చలతో ఒక్కోదాన్ని గుర్తుపట్టే పద్ధతి మొదలుపెట్టారు. 2023 జూన్‌లో ఆయన పోయారు, ఆ పరిశోధన ఇంకా నడుస్తోంది.

నాకున్న అసంతృప్తి: ఈ ఆల్బమ్ అంటే అందరికీ పేన్ ఒక్కరే గుర్తొస్తారు. పాటలు కాలంతో పాటు మారుతుంటాయని ఏళ్ల తరబడి విని చూపించింది కేటీ పేన్, స్పెక్ట్రోగ్రామ్ (శబ్దాన్ని బొమ్మగా గీసి చూపేది) కాగితాల మీద వరసని మెక్‌వే భార్య హెల్లా పట్టుకున్నారు. వాళ్ల పేర్లు కూడా అంతే గట్టిగా వినపడాలి. రెండోది, నేను వినే యాప్‌లో ట్రాక్ పేర్లు తప్ప ఒక్క ముక్క వివరణ లేదు. అసలు రికార్డుతో ఒక పుస్తకం వచ్చేది, అది లేకుండా వింటే కొత్తవాళ్లకి సగమే అందుతుంది.

అరేబియా సముద్రంలోని హంప్‌బ్యాక్‌లు మిగతా వాటిలా వలస పోవు, గోవా తీరంలో కూడా వాటి పాటలు రికార్డయ్యాయి. కాబట్టి ఇదెక్కడో బెర్ముడా సంగతి అనుకోకండి. పాత ఎల్‌పీ (గ్రామఫోన్ రికార్డు) కొనేవాళ్లు లోపల పుస్తకం ఉందో లేదో అడిగి తీసుకోండి. లేకపోతే 1971 పేపర్‌లోని స్పెక్ట్రోగ్రామ్ బొమ్మలు ముందు పెట్టుకుని మొదటి ట్రాక్ వినండి.