పత్తిపై దిగుమతి సుంకం: ఉంచితే మేలా, ఎత్తేస్తే మేలా?

2021 ఫిబ్రవరి నుంచి విదేశీ పత్తిపై 11 శాతం సుంకం ఉండేది. 2025 ఆగస్టు 19న దాన్ని తీసేశారు. మొదట సెప్టెంబరు నెలాఖరు వరకే అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. దేవరకొండ, మునుగోడు చేలలో పత్తి ఏరి అమ్ముకునే రోజులు సరిగ్గా అవే.

ఎత్తేయాలన్న వాదనలో పస లేకపోలేదు. అదే ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. అలాంటి సుంకానికి తోడు ముడిసరుకూ ప్రియమైతే ఆర్డర్లు బంగ్లాదేశ్‌కో వియత్నాంకో పోతాయి, కుట్టుపని చేసే ఆడవాళ్ల ఉపాధి పోతుంది. నూలు చవకైతే పుట్టపాక చేనేత మగ్గానికీ మంచిదే. సిద్ధాంతమూ ఇటే మొగ్గుతుంది. శ్రామికులు ఎక్కువగా ఉన్న దేశం వ్యాపారానికి తలుపులు తెరిస్తే కూలి పెరుగుతుందని, ఆ విధంగా ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య అంతరం తగ్గుతుందని 1941 నాటి స్టోల్పర్-శామ్యూల్సన్ సూత్రం.

అయితే దెబ్బతిన్న పని వదిలి లాభమున్న పనికి మారగలిగినవాడికే ఆ సూత్రం వర్తిస్తుంది. మన దేశంలో 1991 తర్వాతి సుంకాల కోతను పరిశీలించిన ఆర్థికవేత్త పెటియా తొపలోవా, విదేశీ పోటీ ఎక్కువగా తగిలిన గ్రామీణ జిల్లాల్లో పేదరికం మిగతాచోట్ల కంటే నెమ్మదిగా తగ్గిందని తేల్చారు. పాలమూరు జనం కదలరని ఎవరూ అనలేరు. కానీ పొట్ట చేతపట్టుకుని ముంబయికి మట్టిపనికి పోవడాన్ని మెరుగైన పనికి మారడం అంటామా?

రైతుకు మద్దతు ధర ఉంది కదా, సుంకం ఎందుకని కొందరి ప్రశ్న. 2025-26లో పొడవు పింజ పత్తికి అది క్వింటాలుకు 8,110 రూపాయలు. మద్దతు ధరకు కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ (భారత పత్తి సంస్థ) కేంద్రంలో తేమ 8 శాతం దాటితే ధరలో కోత పడుతుంది, 12 దాటితే బండి వెనక్కే. కౌలు రైతుకు ఇంకో చిక్కు: అక్కడ అమ్మడానికి కావలసిన పాసు పుస్తకం భూయజమాని పేరున ఉంటుంది. చివరకు దళారికే తూకం వేస్తాడు. క్వింటాలుకు వెయ్యి తక్కువ వచ్చినా ఇరవై క్వింటాళ్ల మీద ఇరవై వేలు పోయినట్టే. సీసీఐకి అమ్మగలిగినవాడికి దిగుమతుల దెబ్బ అంతగా తగలదు. విదేశీ పత్తి చవకైతే దిగేది దళారి చెప్పే ధర. అంటే సుంకం అవసరం ఎక్కువగా ఉన్నది పాసు పుస్తకం లేనివాడికే.

సుంకంతో అందరికీ న్యాయం జరుగుతుందనీ కాదు. ధర పెరిగితే ఎక్కువ పండించినవాడికే ఎక్కువ మిగులుతుంది. కిలోల లెక్కన ఏరే కూలికి ఆ పెంపు దానంతటదే చేరదు.

రెండింట్లో ఒకటే ఎంచుకోమంటే ఉంచమనే అంటాను. ఇంకా మేలైన దారి కాలాన్ని బట్టి వేయడం: అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా పూర్తి సుంకం, రైతు ఇంట్లో పత్తి ఖాళీ అయ్యాక వేసవిలో మినహాయింపు. మిల్లులు వేసవిలోనే కొని నిల్వ పెట్టుకోవచ్చు, నిజమే. ఆ నిల్వకు గోదాము అద్దె, బ్యాంకు వడ్డీ అవే భరించాలి. సుంకం రూపంలో వచ్చే సొమ్ములో కొంత కౌలు రైతుల నమోదుకు, ఊళ్లలో పత్తి ఆరబెట్టుకునే కల్లాలకు పెట్టవచ్చు.