రాడ్ బాగుంది, తొడుగే లేదు

రెండు వర్షాకాలాలు, దాదాపు 18 వేల కిలోమీటర్లు తిరిగిన గేర్ లింక్ రాడ్ ఇది, అంటే బైకులో కాలితో వేసే గేర్ లివర్‌ని ఇంజన్ గేర్ షాఫ్ట్‌కి కలిపే రాడ్. బయట కొన్నది. స్టీలు రాడ్, రెండు కొసలా కంపెనీ బాల్ జాయింట్ల (కప్పులో గుండు తిరిగే అతుకుల) బదులు రాడ్ ఎండ్‌లు, అంటే రింగులో గుండు తిరిగే కొసలు.

మొదట్లో చెప్పొద్దూ, తెగ నచ్చింది. పాత జాయింట్లు ఒక్కోటి అర మిల్లీమీటరు అరిగాయనుకోండి, రెండూ కలిపి ఒక మిల్లీమీటరు. లివర్ ఇరుసు నుంచి రాడ్ బోల్టు 35 మిల్లీమీటర్లు, కాలు ఆనే కొన 120 అయితే, కాలి దగ్గర ఆ ఊగులాట మూడున్నర మిల్లీమీటర్లవుతుంది. కొత్తది వేశాక అదంతా పోయింది. సఖినేటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే పడవ) ఎక్కి, బళ్ళ మధ్య ఇరుక్కుని న్యూట్రల్ కోసం తడుముకునే పని తప్పింది. అన్నట్టు అదే రోజు లివర్ ఇరుసు బుష్‌ని కూడా కిరోసిన్‌తో కడిగి గ్రీజు పెట్టాం. ఆ హాయిలో సగం దానిదేనేమో.

బిగింపు అరగంట పని. రాడ్‌కి ఒక కొస మామూలు మర, రెండోది ఎడమ మర. ఎడమ మర వైపు చెక్‌నట్ (రాడ్ కదలకుండా బిగించే నట్టు) ఉల్టా తిరుగుతుంది. ఇది మరిచి పది నంబరు స్పానర్‌తో బలం చూపిస్తే నట్టు మూలలు గుండ్రమైపోతాయి. 6 మిల్లీమీటర్ల మర చుట్టుకి ఒక మిల్లీమీటరు కదులుతుంది కాబట్టి, రాడ్‌ని ఒక చుట్టు తిప్పితే రెండు కొసలా కలిపి పొడవు మొత్తం 2 మిల్లీమీటర్లు మారుతుంది. రెండు వైపులా కనీసం 9 మిల్లీమీటర్ల మర లోపల ఉండాలి. లివర్ ఎత్తు ఇంకా మార్చాలంటే గేర్ షాఫ్ట్ మీద రాడ్ రెండో కొస బిగించే ముక్కని ఒక పన్ను జరపాల్సిందే. దాని బోల్టు షాఫ్ట్ గాడిలోంచి పోతుంది కాబట్టి వదులు చేస్తే చాలదు, పూర్తిగా తీయాలి.

ఇక అసలు గొడవ. కంపెనీ జాయింట్‌కి రబ్బరు తొడుగు ఉంటుంది, దీనికి లేదు. గుండు చుట్టూ తెల్లటి టెఫ్లాన్ పొర ఉంది, గ్రీజు అక్కర్లేదన్నారు. తారురోడ్డు మీద నిజమే. రొయ్యల చెరువుల గట్ల మీద మాత్రం కాదు. మన ఒండ్రు ఎండితే పిండిలా ఉంటుంది, తడిస్తే ఆ సందులోకి పాకుతుంది. పైగా ఉప్పుగాలి. రాడ్ మెరుస్తూనే ఉంది, లోపలి గుండుకి మాత్రం తుప్పు చుక్కలు.

మొదటి వానాకాలం చివర్లో సెకండ్ నుంచి థర్డ్ పడటం మానేసింది. లివర్ కదులుతుంది, గేరు మారదు. అందరి చూపూ క్లచ్ కేబుల్ మీదికే పోయింది. క్లచ్‌కి ఏ పాపమూ తెలియదు. జాయింట్ బిగుసుకుపోవడంతో గేరు వేశాక లివర్ నడిమికి రావడం లేదు. స్ప్రింగ్‌కి ఆ బలం చాలలేదు. నడిమికి రాకపోతే ఇంజన్ లోపల గేర్లు మార్చే పంజా తరవాతి పిన్నుని అందుకోలేదు. కాలితో లివర్‌ని వెనక్కి నెట్టి మళ్ళీ ఎత్తితే గేరు పడేది. గుండు తిరగనప్పుడు ఆ మెలిక రాడ్ మీద పడుతుంది. నాలుగు వారాల్లో ఎడమ మర చెక్‌నట్ వదులై, రాడ్ తనంతట తానే తిరిగి లివర్ కిందికి జారింది.

విప్పి కడిగి, రెండు జాయింట్ల ముఖాలూ ఒకే వరసలో పెట్టి, రాడ్ చేత్తో అటూ ఇటూ స్వేచ్ఛగా ఒరిగేలా చూసి చెక్‌నట్లు బిగిస్తే కుదిరింది. నీలం రంగు లాక్‌టైట్ (మర వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క, నట్టు మీంచి రాడ్ మీదికి పెయింట్ గీత. జాయింట్ మీద పాత సైకిల్ ట్యూబు ముక్క. అందం లేదు, బురద ఆపింది. రెండో వానాకాలం ఆ ట్యూబుతోనే గడిచింది.

రాజమండ్రి, రావులపాలెం హైవే మీద తిరిగే బండికైతే తీసుకోవచ్చు. ఈ బండి రోజూ అంతర్వేది వైపు చెరువుల మీదికి పోతుంది. అందుకని ఈ తొలకరికి ముందు రాడ్ ఉంచేసి, కొసలకి తొడుగున్న బాల్ జాయింట్లే ఎక్కించాం. మర కొలత సరిపోయింది.